ట్విట్టర్ ఖాతా తెరిచారు సరే, ఇప్పుడేం చేయాలి?

మన దగ్గర చాలామంది ట్విట్టర్‌కి ఏదో ఒక పని మీదే వస్తారు. రైల్లో ఏసీ పనిచేయకపోతే రైల్వేవాళ్లకు చెప్పుకుందామనో, అభిమాన హీరో టీజర్ ఎప్పుడో తెలుసుకుందామనో, మంత్రిగారి చెవిన నేరుగా ఓ మాట వేద్దామనో ఖాతా తెరుస్తారు. పది నిమిషాలు తిరగకుండానే తెరమీద ఎవరో ఎవరినో తిడుతుంటారు. ఎందుకు తిడుతున్నారో అర్థం కాదు. సగం మాటలకు ముందూ వెనకా ఉండదు. ధైర్యం చేసి తామూ ఒకటి రాస్తే పలికే నాథుడు ఉండడు. వారం తిరిగేసరికి ఆ యాప్ ఫోన్లో ఏ మూలకో చేరుతుంది.

వాట్సాప్, ఫేస్‌బుక్ అలవాట్లతో ఇక్కడికి రావడం వల్లే ఈ తికమక. వాట్సాప్‌లో అవతల ఉన్నదెవరో మనకు తెలుసు. ఫేస్‌బుక్‌లో రిక్వెస్ట్ పంపితే అవతలివారు ఒప్పుకోవాలి. ట్విట్టర్‌లో ఆ ఒప్పుకోలు అక్కర్లేదు. మీరు ప్రధానమంత్రిని ఫాలో కావచ్చు, ఆయన మిమ్మల్ని ఫాలో కానక్కర్లేదు. మీరు రాసింది మీ సొంత ఫాలోవర్ల కంట పడకపోవచ్చు, ముక్కూ మొహం తెలియనివాడి కంట పడొచ్చు. బస్టాండులో నిలబడి గట్టిగా మాట్లాడటం లాంటిది ఇది. ఎవరికోసం మాట్లాడామో వాళ్లకు వినపడకపోయినా, బస్సు కోసం నిలబడ్డ నలుగురికీ వినపడుతుంది. ఖాతాకు తాళం వేసుకుని, ఒప్పుకున్నవారికే కనిపించేలా పెట్టుకోవచ్చు గానీ, అలా పెట్టుకున్నవాళ్లు తక్కువ.

ఇంకో సంగతి కూడా ఉంది, మొదటి నెలంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మీరు ఏది నొక్కినా, ఎక్కడ ఆగినా, ఎవరికి జవాబిచ్చినా వెనకున్న యంత్రం దాన్ని పాఠంగా తీసుకుంటుంది. రేపు మీకేం చూపించాలో ఇవాళ మీ వేలే దానికి చెబుతుంది.

ఎస్సెమ్మెస్ కడుపున పుట్టింది

2006 మార్చి 21న, ట్విట్టర్ పెట్టినవాళ్లలో ఒకడైన జాక్ డోర్సీ మొదటి ట్వీట్ పెట్టేనాటికి ఐఫోన్ ఇంకా పుట్టలేదు. ట్విట్టర్ నడవాల్సింది ఎస్సెమ్మెస్‌ల మీద. ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. అందులో 20 రాసినవారి పేరుకు వదిలి, మాటకు 140 ఉంచారు. ఆ 160 లెక్క కూడా ఇంగ్లీషుకే. తెలుగులో పంపితే ఒక ఎస్సెమ్మెస్ 70కే నిండిపోతుంది. అప్పట్లో చిన్న తెలుగు మెసేజ్‌కి రెండింటి డబ్బులు ఎందుకు కోశారని ఆశ్చర్యపోయినవాళ్లకు కారణం అదీ. 2017 నవంబరులో 140ని 280 చేశారు. డబ్బు కట్టే ఖాతాలు ఇప్పుడు వేల అక్షరాలు రాసుకోవచ్చు. అయినా నాలుగు ముక్కల్లో చెప్పి తప్పుకునే ఆ ఎస్సెమ్మెస్ లక్షణం ఇంకా పోలేదు.

ట్విట్టర్ అనగానే గుర్తొచ్చేవాటిలో చాలావరకు వాడేవాళ్లే కనిపెట్టారు. పేరు ముందు 'అట్' గుర్తు పెట్టి పిలవడం జనం మొదలుపెట్టిన అలవాటే. హ్యాష్‌ట్యాగ్‌ను 2007 ఆగస్టులో క్రిస్ మెసినా అనే వాడకందారు ప్రతిపాదించాడు. నచ్చిన ట్వీటు ముందు 'ఆర్‌టీ' (రీట్వీట్) అని చేత్తో రాసి పంచుకునేవాళ్లు. కంపెనీ తర్వాత తీరిగ్గా 2009లో దానికో బటన్ పెట్టింది. అందుకే ఇక్కడి పద్ధతులు సహాయం పేజీలు చదివితే పట్టుబడవు. నలుగురూ ఎలా మసలుతున్నారో కొన్నాళ్లు చూస్తేనే ఒంటబడతాయి.

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ దీన్ని 4,400 కోట్ల డాలర్లకు కొన్నాడు. 2023 జులైలో పేరు ఎక్స్ అయింది. ట్వీట్ కాస్తా పోస్ట్, రీట్వీట్ కాస్తా రీపోస్ట్ అయ్యాయి. జనం మాత్రం ఇంకా ట్వీట్ అనే అంటున్నారు, నేనూ అలాగే రాస్తాను.

ఖాతా తెరిచేటప్పుడు

ఇక్కడ మీకు రెండు పేర్లుంటాయి. 'అట్' గుర్తు పక్కన ఉండే పేరు హ్యాండిల్, అది 15 అక్షరాలు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు తప్ప ఏమీ పడవు, తెలుగు అసలే పడదు. డిస్‌ప్లే పేరు, అంటే దాని పైన పెద్దగా కనిపించేది, 50 అక్షరాల వరకు ఉండొచ్చు, శుభ్రంగా తెలుగులో పెట్టుకోవచ్చు. హ్యాండిల్ ఒకరికి ఉంటే ఇంకొకరికి దొరకదు. డిస్‌ప్లే పేరు మాత్రం ఎవరైనా, ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు. ఈ తేడా మనసులో ఉంచుకోండి, మోసాల సంగతి వచ్చినప్పుడు అక్కరకొస్తుంది.

మీరు ఎంచుకోకపోతే యాప్ మీ పేరుకు ఓ బారెడు అంకెల తోక తగిలించి తనే హ్యాండిల్ ఇచ్చేస్తుంది. అంకెల తోక, ఫొటో లేని మొహం, ఖాళీ బయో (మన గురించి రాసుకునే చోటు), ఈ మూడూ కలిస్తే చూసేవాళ్లు నకిలీ ఖాతా అనుకుని పక్కకు జరుగుతారు. ఒకప్పుడు ఫొటో పెట్టనివాళ్లకు గుడ్డు బొమ్మ కనిపించేది. గుడ్డు మొహాలంటే తిట్టిపోసే ఖాతాలని ఎంత పేరు పడిందంటే, 2017లో కంపెనీ ఆ గుడ్డునే తీసేసింది. ఫొటో మీదే కానక్కర్లేదు. ఊరి చెరువో, పుస్తకాల బీరువానో పెట్టినా చాలు, ఎవరో మనిషి ఉన్నారన్న నమ్మకం కలుగుతుంది. బయోకి 160 అక్షరాలిస్తారు. ఏ విషయాల మీద రాస్తారో అందులో చెప్పండి.

సంస్థల పేరున ఖాతా తెరిచేవాళ్లు ఒక గోతిలో పడుతుంటారు. పుట్టినతేదీ అడిగినచోట సంస్థ మొదలైన తేదీ వేస్తారు. ట్విట్టర్‌కి కనీస వయసు 13 ఏళ్లు. ఐదేళ్ల కిందట పెట్టిన సంస్థను యంత్రం ఐదేళ్ల పిల్లాడనుకుని ఖాతాకు తాళం వేస్తుంది. నడిపే మనిషి పుట్టినతేదీ వేస్తే ఈ గొడవే ఉండదు.

ఫోన్లోని కాంటాక్టులు ఇవ్వమని అడిగితే ఇవ్వకండి. ఇచ్చారంటే మీ పాత ఇంటి ఓనరు నుంచి గ్యాస్ ఏజెన్సీ కుర్రాడి దాకా అందరినీ మీకూ, మిమ్మల్ని వాళ్లకూ చూపించే పనిలో పడుతుంది. పాస్‌వర్డుతోపాటు రెండో తాళం కూడా పెట్టుకోండి. ఎస్సెమ్మెస్‌లో కోడ్ వచ్చే పద్ధతిని 2023 మార్చి నుంచి డబ్బు కట్టేవాళ్లకే పరిమితం చేశారు. ఉచితంగా కావాలంటే ఫోన్లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ ఉంది, నిజానికి అదే గట్టిది కూడా.

యంత్రం లెక్క

పైన రెండు ట్యాబులు కనిపిస్తాయి. 'ఫాలోయింగ్'లో మీరు ఎంచుకున్నవాళ్లు రాసినవి ఉంటాయి. 'ఫర్ యూ'లో యంత్రం మీకోసం ఎంచినవి ఉంటాయి. యాప్ తెరవగానే ఎదురయ్యేది సాధారణంగా ఈ 'ఫర్ యూ'నే. కొత్తవాళ్లు దాన్నే ట్విట్టర్ అనుకుని బెదిరిపోతారు.

ఆ 'ఫర్ యూ' ట్యాబు ఎలా తయారవుతుందో ఒకసారి కంపెనీయే బయటపెట్టింది. 2023 మార్చి 31న సిఫార్సుల యంత్రం కోడ్‌లో చాలా భాగాన్ని అందరూ చూసేలా ఉంచింది. అప్పట్లో రోజూ వచ్చే దాదాపు 50 కోట్ల ట్వీట్లలోంచి మీకోసం ఓ 1,500 ఏరి, వాటికి మార్కులు వేసి వరుసలో పెట్టేదట. ఆ వరుసలో సగటున సగం మీరు ఫాలో అయ్యేవాళ్లవి, సగం మీకు సంబంధమే లేనివాళ్లవి.

మార్కులు వేసే పద్ధతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒక ట్వీటును మీకు చూపించేముందు యంత్రం కొన్ని అంచనాలు కడుతుంది. మీరు దాన్ని లైక్ చేసే అవకాశం ఎంత? రీట్వీట్ చేస్తారా? జవాబిస్తారా? ఒక్కో అవకాశాన్ని ఒక్కో బరువుతో హెచ్చవేసి మొత్తం కూడుతుంది. 2023 ఏప్రిల్‌లో ఆ బరువులు ఇలా ఉన్నాయి. లైక్‌కి 0.5. రీట్వీట్‌కి 1. జవాబుకి 13.5. మీ జవాబుకు అసలు ట్వీటు రాసినవాడే స్పందిస్తే 75. ట్వీటు తెరిచి రెండు నిమిషాలపాటు అందులోనే ఉండిపోతే 10. ఇక కిందికి లాగేవి చూడండి. 'ఇలాంటివి వద్దు' అనడం, మ్యూట్ చేయడం, బ్లాక్ చేయడం లాంటివాటికి మైనస్ 74. రిపోర్ట్ చేస్తే మైనస్ 369.

జవాబు ఒక్కటీ ఇరవై ఏడు లైకులకు సమానమని దీన్ని నేరుగా చదవకూడదు. లైక్ చేసేవాళ్లు ఎక్కువ, జవాబు రాసేవాళ్లు తక్కువ. అరుదైన పనికి పెద్ద బరువు పెట్టి అన్నిటినీ ఒక తూకానికి తేవడం మొదట్లో వాళ్ల ఉద్దేశం. తర్వాత కంపెనీ అవసరాన్నిబట్టి సవరిస్తూ వచ్చామని వాళ్లే రాశారు. అప్పటినుంచి యంత్రం చాలా మారింది, తమ ఏఐ గ్రోక్‌ను ఈ పనిలోకి దించుతున్నామని మస్క్ చెబుతూ వస్తున్నాడు. కాబట్టి ఆ అంకెలు ఇవాళ అలాగే ఉన్నాయనుకోనక్కర్లేదు. ఆ జాబితాలో కోపం అనే గడి మాత్రం ఎక్కడా లేదు. మీరు మెచ్చుకుంటూ రాశారా, ఒళ్లు మండి రాశారా అన్నది ఆ బరువులకు పట్టదు. జవాబు రాశారు, అంతే.

ఒక ఉదాహరణ చెబుతాను. మీకు నచ్చిన హీరో సినిమా వసూళ్లు అబద్ధమని ఎవరో అవతలి హీరో అభిమాని రాశాడు. మీరు ఆగలేక 'ముందు మీవాడి లెక్కలు చూసుకో' అని కింద తగిలించారు. అతను తిరిగి అందుకున్నాడు. మీరు మళ్లీ వెళ్లి, కింద ఇంకెవరేమన్నారో చదువుతూ మూడు నిమిషాలు కూర్చున్నారు. యంత్రం కళ్లకు మీరు ఆ ట్వీటును తెగ ఇష్టపడ్డారు. మర్నాడు పొద్దున్నే అలాంటివే మరో నాలుగు మీ ముందుంటాయి. 'ట్విట్టర్ నిండా ఇదే గోల' అని విసుక్కునేవాళ్లలో చాలామంది ఆ గోలను ఇలా తెలియక పిలిపించుకున్నవాళ్లే. యంత్రాన్ని తయారుచేసినవాళ్ల తప్పు లేదని నేననడం లేదు, తప్పు ముఖ్యంగా వాళ్లదే. కానీ దాన్ని సరిచేసే మీటల్లో మన చేతికి అందేవి కొన్నే ఉన్నాయి. అందినవాటినైనా వాడుకోవాలి కదా.

ఆ మీటలు ఇవి. నచ్చని ట్వీటు పక్కన మూడు చుక్కలు నొక్కితే 'ఆసక్తి లేదు' అనే మాట ఉంటుంది. మొదటి వారంలో మొహమాటం లేకుండా వాడండి. సెట్టింగ్స్‌లో మ్యూట్ పదాల జాబితా ఉంటుంది. ఒక పేరో, హ్యాష్‌ట్యాగో అందులో వేస్తే అది ఉన్న ట్వీట్లు మీకు కనిపించవు. పెద్ద హీరో పుట్టినరోజు ముందు రెండు మూడు హ్యాష్‌ట్యాగులు అందులో పడేస్తే ఆ వారమంతా ప్రాణం హాయిగా ఉంటుంది. ఒక మనిషిని మ్యూట్ చేసినా ఆ సంగతి అతనికి తెలియదు. బంధువుల విషయంలో బ్లాక్ కన్నా ఇదే పదిలం.

బ్లాక్ కూడా ఇప్పుడు మునుపటిలా లేదు. 2024 నవంబరు నుంచి, మీరు బ్లాక్ చేసినవాళ్లు కూడా మీ బహిరంగ ట్వీట్లు చూడగలరు. జవాబివ్వడం, రీట్వీట్ చేయడం లాంటివే కుదరవు. అదే ఏడాది జూన్‌లో లైకులను కూడా దాచేశారు. మీరు ఎవరి ట్వీటును లైక్ చేశారో ఆ ట్వీటు రాసినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు తెలియదు. అంతకుముందు సెలబ్రిటీల లైకులు పట్టుకుని ఎన్ని రచ్చలు జరిగాయో!

ఎవరిని ఫాలో కావాలి

మొదట్లో యాప్ చూపించే పెద్దపేర్లన్నిటినీ నొక్కుకుంటూ పోతారు. దాంతో ఫాలోయింగ్ కూడా ప్రెస్‌నోట్ల కట్టలా తయారవుతుంది. పెద్దవాళ్ల ఖాతాలు చాలావరకు వాళ్ల సిబ్బంది నడిపేవే. వాటిలో శుభాకాంక్షలు, శంకుస్థాపనలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. మీకు నిజంగా పనికొచ్చేది ఒక విషయాన్ని రోజూ పట్టుకుని రాసే చిన్న ఖాతాలే. వానల లెక్కలు రాసేవారు, శాసనాల ఫొటోలు పెట్టేవారు, మిర్చి యార్డు ధరలు చెప్పేవారు, కోర్టు తీర్పులు విడమరిచేవారు ఉంటారు. అలాంటివారు ఒకరు దొరికితే, వాళ్లు ఎవరిని ఫాలో అవుతున్నారో చూడండి. మిగతా దారి అక్కడినుంచే దొరుకుతుంది. అవసరానికి నగర ట్రాఫిక్ పోలీసులు, వాతావరణ కేంద్రం, రైల్వే, ఇస్రో లాంటివి ఓ నాలుగు చాలు.

తెలుగులో రాసేవాళ్లను వెతకడానికి చిన్న చిట్కా ఉంది. వెతికే గడిలో మీకు కావాల్సిన మాట రాసి, దాని పక్కన ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఎల్, ఏ, ఎన్, జీ, కోలన్, టీ, ఈ అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. తెలుగు ట్వీట్లే వస్తాయి. తెలుగు లిపిలో రాసినవి దొరుకుతాయిగానీ, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగును యంత్రం పోల్చుకోలేదు. 'ఎక్కడున్నావ్ రా' అని రోమన్‌లో రాస్తే, ఒక్కోసారి ఏదో సంబంధంలేని దేశపు భాష అనుకుని అనువదించమంటారా అని అడుగుతుంది.

అన్నిటికన్నా పనికొచ్చేది, కొత్తవాళ్లు అస్సలు తొంగిచూడనిది లిస్టులు. 2009 నుంచీ ఉన్నాయి. ఒక లిస్టుకు 'వానలు' అని పేరుపెట్టి ఆ ఖాతాలన్నీ వేయండి, ఇంకోదానికి 'క్రికెట్' అని పెట్టండి. లిస్టులో వేయడానికి ఫాలో కానక్కర్లేదు. ప్రైవేటుగా పెట్టుకుంటే లిస్టులో ఉన్నవాళ్లకు కూడా తెలియదు. తుపాను వస్తున్న రోజు ఆ వానల లిస్టు తెరిస్తే సినిమా గొడవలు, రాజకీయాలు మధ్యలో దూరవు.

రాయడం

280లో తెలుగు ఎంత పడుతుంది? ఒత్తులూ గుణింతాలూ ఉన్న భాష కదా, ఇంగ్లీషు కన్నా తక్కువే పడుతుందని చాలామంది అనుకుంటారు. ట్విట్టర్ మనం కంటితో చూసే అక్షరాన్ని లెక్కపెట్టదు. హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా వేటికవి ఒక్కొక్కటిగా లెక్కేస్తుంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. దానికి మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు. అన్యాయంగా కనిపిస్తుంది. కానీ రాష్ట్రాల పేర్లు, ఊరి పేర్లు పెట్టి చూడండి. 'తెలంగాణ' ఏడు, ఇంగ్లీషులో రాస్తే తొమ్మిది. 'ఆంధ్రప్రదేశ్' పన్నెండు, ఇంగ్లీషులో మధ్య ఖాళీతో కలిపి పద్నాలుగు. 'రాజమహేంద్రవరం' పదమూడు, ఇంగ్లీషులో పదిహేడు. మన హల్లులో 'అ' ఇమిడి ఉంటుంది, దానికి వేరే ఖర్చు లేదు. ఒత్తుల దగ్గర పోయింది అక్కడ తిరిగొస్తుంది. కాబట్టి చోటు చాలదని ఇంగ్లీషు లిపిలో తెలుగు రాయనక్కర్లేదు. ఎమోజీ ఒక్కటీ రెండు తింటుంది. లింకు ఎంత పొడవున్నా 23గానే లెక్క.

ఎక్కువ చెప్పాలంటే ఒకదాని కింద ఒకటి అతికిస్తూ థ్రెడ్ రాయొచ్చు. కొందరు నోట్స్ యాప్‌లో పెద్ద వ్యాసం రాసి స్క్రీన్‌షాట్ తీసి పెడతారు. అది వెతికితే దొరకదు, చూపులేనివాళ్ల ఫోన్ చదివి వినిపించలేదు. తప్పదనుకుంటే బొమ్మకు వివరణ రాసే గడి ఉంది, అందులో ఆ మాటలు వేయండి. పెట్టాక తప్పు దిద్దుకునే వీలు డబ్బు కట్టినవాళ్లకే, అదీ కాసేపే. మిగతావాళ్లు తీసేసి మళ్లీ పెట్టుకోవాలి. ఈలోపు స్క్రీన్‌షాట్ తీసినవాడు తీసే ఉంటాడు.

మొదటి ట్వీట్లకు ఎవరూ పలకరు, దానికి బాధపడనక్కర్లేదు. ఫాలోవర్లు లేని ఖాతా రాసింది చూసేవాళ్లు తక్కువ. నలుగురి కంట పడాలంటే ఇంకొకరి ట్వీటు కింద పనికొచ్చే మాట చేర్చడం మంచి దారి. ఒకాయన కాకతీయుల గుడి ఫొటో పెట్టి ఏ ఊరిదో తెలియదన్నాడు, మీది ఆ ఊరే. ఆ ఒక్క జవాబు మీ సొంత గోడ మీద రాసిన యాభై మాటలకన్నా ఎక్కువమంది చదువుతారు. అక్కడ నమస్కారం బొమ్మలు, 'సూపర్ సర్'లు పెట్టుకుంటూ పోతే ఎవరికీ గుర్తుండరు.

కోట్ ట్వీట్ సంగతి వేరు. ఒకరి మాటను మీ వ్యాఖ్యతో మీవాళ్లకు చూపించడం అది. మెచ్చుకోవడానికి వాడితే మంచిదే. మన తెలుగు ట్విట్టర్‌లో మాత్రం ఎక్కువగా మందను ఉసిగొల్పడానికే వాడుతున్నారు. రెండొందల ఫాలోవర్లున్న కాలేజీ కుర్రాడి మాటను రెండు లక్షలున్న ఖాతా ఎగతాళిగా కోట్ చేస్తే, ఆ రాత్రి అతని ఫోన్ ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మీకే అలా జరిగితే, ఆ ట్వీటుకు ఎవరు జవాబివ్వొచ్చో మార్చుకునే వీలుంది. నోటిఫికేషన్లు ఆపేసి మర్నాడు చూడండి.

ట్రెండింగు, టిక్కులు, నిజానిజాలు

ట్రెండింగ్ జాబితా అంటే ఎక్కువమంది మాట్లాడుకుంటున్నదని అర్థం కాదు. ఉన్నట్టుండి ఎంత వేగంగా పెరిగిందన్నదే దానికి ముఖ్యం. ఈ కిటుకు మన అభిమాన సంఘాలకు ఎప్పుడో తెలిసిపోయింది. ట్యాగ్‌ను ముందే గుట్టుగా నిర్ణయించుకుని, ఫలానా సాయంత్రం ఆరింటికి అందరూ ఒక్కసారి మొదలుపెడతారు. పార్టీల ఐటీ విభాగాలూ ఇదే బడిలో చదువుకున్నాయి. కాబట్టి ఆ జాబితా చూసి రాష్ట్రం మొత్తం ఫలానా విషయం మీద రగిలిపోతోందనుకోవద్దు.

నీలి టిక్కు ఒకప్పుడు 'ఈ మనిషి నిజంగా ఆ మనిషే' అని చెప్పేది. 2023 ఏప్రిల్ నుంచి పాత టిక్కులు తీసేశారు. ఇప్పుడది నెలనెలా డబ్బు కడుతున్నారని చెబుతుంది. వాళ్ల జవాబులు పైన కనిపిస్తాయి. అందుకే పెద్ద ట్వీట్ల కింద మొదటి జవాబులు ఒక్కోసారి అంత నాసిగా ఉంటాయి. సంస్థలకు బంగారు రంగు, ప్రభుత్వాలకు బూడిద రంగు టిక్కు ఉంది. డబ్బుకు టిక్కు అమ్మడం మొదలుపెట్టిన కొత్తల్లో, 2022 నవంబరులో, అమెరికా మందుల కంపెనీ ఎలై లిల్లీ పేరుతో ఎవరో ఖాతా తెరిచి, టిక్కు కొనుక్కుని, ఇకపై ఇన్సులిన్ ఉచితమని ప్రకటించాడు. అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకుని ఆ మాట మాది కాదని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ట్వీటు కింద అప్పుడప్పుడు ఒక పెట్టెలో సవరణ కనిపిస్తుంది. దాన్ని కమ్యూనిటీ నోట్ అంటారు. మన దేశంలో 2024 ఏప్రిల్‌లో, ఎన్నికల ముందు మొదలైంది. మామూలు ఓటింగ్‌తో అది నడవదు. ఎప్పుడూ ఒకరితో ఒకరు విభేదించే రెండు రకాలవాళ్లూ 'ఈ వివరణ పనికొస్తుంది' అన్నప్పుడే నోట్ పైకి తేలుతుంది. ఒకే పక్షంవాళ్లు వెయ్యిమంది ఓటేసినా లాభం లేదు. ఈ వేదిక మీద నాకు తెగ నచ్చిన ఏర్పాటు ఇదే. దానికున్న చిక్కల్లా ఆలస్యం. అబద్ధం ఊళ్లన్నీ తిరిగొచ్చాక నోట్ వస్తుంది. ఈలోపు జనం ట్వీటు కిందే గ్రోక్‌ని పిలిచి 'ఇది నిజమేనా' అని అడుగుతున్నారు. అదీ తప్పులు చెబుతుంది, అదీ ఎంతో ధీమాగా.

ఫిర్యాదు పెట్టేటప్పుడు

సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్న 2014–19 మధ్య, పరాయి దేశంలో పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్లు, గల్ఫ్‌లో యజమాని చేతిలో చిక్కుకున్నవాళ్లు ట్విట్టర్‌లోనే ఆమెకు మొరపెట్టుకునేవారు. రాయబార కార్యాలయాలు కదిలేవి. ఒక ట్వీటుతో పనవుతుందన్న నమ్మకం మనవాళ్లలో బలపడటానికి ఆ రోజులు ఒక కారణం. రైల్వేసేవ లాంటి ఖాతాలు ఇప్పటికీ జవాబిస్తాయి.

ఇక్కడే దొంగలు కాపు కాస్తారు. ఒకాయన తన బ్యాంకును ట్యాగ్ చేసి 'డబ్బు కట్ అయింది, వస్తువు రాలేదు, మూడు రోజులైంది' అని రాశాడనుకోండి. రెండు నిమిషాల్లో బ్యాంకు లోగో ఉన్న ఖాతా జవాబిస్తుంది: 'అసౌకర్యానికి చింతిస్తున్నాం, మా అధికారి మాట్లాడతారు, మీ నంబరు డీఎం చేయండి.' డీఎం అంటే ఇతరులకు కనిపించకుండా విడిగా పంపే సందేశం. డిస్‌ప్లే పేరు అచ్చం బ్యాంకుదే. హ్యాండిల్ మీద వేలు పెట్టి చూస్తే చివర ఒక అండర్‌స్కోరు ఎక్కువ, లేదా ఎల్ ఉండాల్సినచోట ఒకటి అంకె. ఖాతా తెరిచింది పోయిన నెల. కాసేపటికి ఫోన్ వస్తుంది, ఏదో యాప్ దించుకోమంటారు, ఓటీపీ అడుగుతారు. ఫిర్యాదులో ఫోన్ నంబరు, పీఎన్‌ఆర్, ఖాతా నంబరు, టికెట్ ఫొటో బహిరంగంగా ఎప్పుడూ పెట్టకండి. జవాబిచ్చిన ఖాతాను నమ్మకుండా, సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న హ్యాండిల్‌కు మీరే డీఎం పంపండి. డబ్బు పోయిందంటే ట్విట్టర్ దగ్గర కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

చట్టం సంగతి రెండు మాటల్లో చెబుతాను. చిరాకు తెప్పించే పోస్టు పెట్టినా అరెస్టు చేయడానికి వీలిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అంతమాత్రాన ఏదైనా రాయొచ్చని కాదు, మిగతా సెక్షన్లు చాలా ఉన్నాయి. 'రీట్వీట్ చేస్తే సమర్థించినట్టు కాదు' అని బయోలో రాసుకోవడం ఒక ఆచారమైంది గానీ, అరవింద్ కేజ్రీవాల్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో, పరువు తీసే పోస్టును రీట్వీట్ చేయడం కూడా పరువు నష్టం కిందికే వస్తుందని చెప్పింది.

ఇదంతా వద్దు, ఇంకో చోటు చూసుకుంటామంటే అవీ ఉన్నాయి. ఫేస్‌బుక్ నడిపే మెటావాళ్ల థ్రెడ్స్ 2023 జులైలో వచ్చింది, 500 అక్షరాలు, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉంటే చాలు. బ్లూస్కై 300 ఇస్తుంది. మాస్టోడాన్ ఎవరికి వారు సర్వర్ నడుపుకునే పద్ధతి, ఓపిక ఉన్నవాళ్లకే. బెంగళూరు నుంచి తెలుగుతో సహా మన భాషల్లో నడిచిన కూ 2024 జులైలో మూతపడింది. తెలుగులో రాజకీయం, సినిమా, వాతావరణం, ప్రభుత్వ శాఖలు ఒకేచోట దొరకాలంటే మాత్రం ఇప్పటికీ ఎక్స్‌కే రావాలి.

నెల వాడాక పడలేదనుకుంటే, యాప్‌ను ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన ఖాతా పోదు. రాసినవన్నీ అక్కడే ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. ముందు సెట్టింగ్స్‌లో మీ డేటా ఆర్కైవ్, అంటే మీరు రాసినవాటి నకలు, అడగండి, తయారవడానికి ఒక రోజో, ఇంకా ఎక్కువో పడుతుంది. అది చేతికొచ్చాక డీయాక్టివేట్ నొక్కండి. ఆ తర్వాత 30 రోజుల్లోపు ఒక్కసారి లాగిన్ అయినా ఖాతా మళ్లీ తెరుచుకుంటుంది, కాబట్టి కంప్యూటర్లో, పాత ఫోన్లో ఎక్కడైనా లాగిన్ అయి ఉందేమో చూసుకుని మరీ నొక్కండి.